సోడియం బేటరీకి గాజు సీలు: కడప ల్యాబులో ఏడాది వాడి చూసిన పొడి

ఈ గాజు పొడి పొట్లం పోయిన ఏడాది ఉగాది దాటిన వారానికి మా ల్యాబుకు వచ్చింది. పావు కేజీ. తెల్లగా, ముగ్గుపిండి కన్నా మెత్తగా ఉంటుంది, వేళ్ళ మధ్య నలిపితే గరుకు దాదాపు తెలియదు. సోడియం బేటరీల్లో రెండు సెరామిక్ ముక్కలను గాలి చొరకుండా అతికించడానికి వాడే సీలింగ్ గాజు ఇది. కొనేముందు దీని గురించి తెలుగులో ఎవరైనా రాశారేమోనని వెతికాను, నాకేమీ దొరకలేదు. ఏడాది వాడాను కాబట్టి నేనే రాస్తున్నాను.

కంపెనీ పేరు రాయడం లేదు. కొన్ని లోపాలు కూడా చెప్పాలి, పైగా ఇదే రకం పొడిని వేరేవాళ్ళూ అమ్ముతారు. పేరు కన్నా, కొనేముందు ఏం అడగాలో తెలియడం ముఖ్యం.

నేను కడపలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. దీనికి ముందు పదిహేనేళ్ళు నియాన్ బోర్డులు చేశాను. ఏడు రోడ్ల కూడలి చుట్టుపక్కల బట్టల షాపులకు, సినిమా హాళ్ళకు ఎర్రగా, నీలంగా వెలిగే అక్షరాలు వంచింది ఈ చేతులే. గొట్టాన్ని మంట మీద తిప్పుతూ, నోట్లో పెట్టుకున్న రబ్బరు ట్యూబులోంచి ఊదుతూ, అక్షరం వంపు తిరిగేలోపే గొట్టం మూసుకుపోకుండా చూసుకోవాలి. ఎర్ర రంగుకు నియాన్, నీలానికి ఆర్గాన్‌లో ఒక చుక్క పాదరసం. ఎల్‌ఈడీలు వచ్చాక ఆ పని పోయింది. కానీ అక్కడ నేర్చుకున్న ఒక విషయం ఇప్పటికీ అన్నం పెడుతోంది. గాజులోంచి తీగ బయటికి వచ్చే చోట మామూలు ఇనుప తీగ పెడితే, వేడిగా ఉన్నప్పుడు చక్కగా అంటుకుంటుంది, చల్లారాక చిట్లుతుంది. అందుకే అక్కడ నికెల్, ఇనుము కలిసిన తీగకు రాగి తొడుగు వేసిన డ్యూమెట్ తీగ వాడతారు. అది సీసం గాజుతో పాటే సాగి, దాంతో పాటే ముడుచుకుంటుంది. మంట మీద ఎంత అందంగా ఉన్నా సీలును మెచ్చుకోకూడదని మా మేస్త్రీ చెప్పేవాడు. మరుసటి రోజు పొద్దున చూశాకే ట్యూబు షాపుకు పంపేవాళ్ళం.

ఇప్పుడు మా పని సంగతి. మా సార్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న ప్రొద్దుటూరు అమ్మాయి సోడియం నికెల్ క్లోరైడ్ బేటరీ మీద పరిశోధన చేస్తోంది. 1980ల్లో దక్షిణాఫ్రికాలో పుట్టిన బేటరీ ఇది, జీబ్రా అని పిలుస్తారు. ఇందులో వేసేది ఉప్పు, నికెల్ పొడి. ఛార్జి చేస్తే ఉప్పులోని సోడియం విడిపోయి ఒక సెరామిక్ గొట్టం గోడలోంచి అవతలికి వెళ్తుంది, వాడుకున్నప్పుడు తిరిగి వస్తుంది. ఆ గొట్టం బీటా అల్యూమినా అనే పదార్థం. సోడియం అయాన్లు మాత్రమే దాని గుండా కదులుతాయి. సెల్లు సుమారు 270 నుంచి 350 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది, వోల్టేజి 2.58. దీని అన్న లాంటిది సోడియం సల్ఫర్ బేటరీ. అదీ 300 డిగ్రీల పైనే పనిచేస్తుంది, అందులోనూ ఇదే బీటా అల్యూమినా గొట్టం ఉంటుంది.

ఇంత వేడి బేటరీ ఎందుకని మా ఇంట్లో కూడా అడిగారు. కర్నూలు దగ్గర ఓర్వకల్లు వైపు వెళ్ళినవాళ్ళకు 1000 మెగావాట్ల సోలార్ పార్కు తెలిసే ఉంటుంది. పగలు పుట్టిన ఆ కరెంటును రాత్రికి దాచాలంటే పెద్ద బేటరీలు కావాలి. మామూలు లిథియం బేటరీని మన రాయలసీమ ఎండకు చల్లబరచాల్సి ఉంటుంది. ఈ సోడియం బేటరీ లోపలే 300 డిగ్రీలు ఉంటుంది కాబట్టి బయట 45 ఉన్నా 15 ఉన్నా దానికి పెద్ద తేడా లేదు. ముడిసరుకుల్లో ఒకటి మామూలు ఉప్పు. నాకు ఈ పని మీద ఇష్టం కలగడానికి ఈ రెండు మాటలే కారణం.

బీటా అల్యూమినా కరెంటును మోస్తుంది కాబట్టి దాన్ని నేరుగా సెల్లు మూతకు బిగించలేం. దాని మూతి చుట్టూ కరెంటు పారని మామూలు అల్యూమినా కాలర్ తొడిగి, ఆ కాలర్‌కు లోహపు రింగు అతికిస్తారు. గొట్టానికీ కాలర్‌కూ మధ్య వెంట్రుక మందం కన్నా కాస్త ఎక్కువ సందు ఉంటుంది. ఆ సందులో కరిగి నిండాల్సింది ఈ గాజు. ఒకపక్క కరిగిన సోడియం, ఇంకోపక్క సోడియం అల్యూమినియం క్లోరైడ్ అనే, తక్కువ వేడికే కరిగే వేరే ఉప్పు. రెండూ కలవకుండా, బయటి గాలి లోపలికి రాకుండా కాపలా కాసేది అదే. 2011 సెప్టెంబరులో జపాన్‌లోని ఇబారాకిలో సోడియం సల్ఫర్ బేటరీలు అంటుకున్నాయి. ఒక సెల్లులోంచి కరిగిన పదార్థం బయటికి కారి పక్క సెల్లులతో షార్టు కావడంతో అది మొదలైంది. లోపల ఉండాల్సింది బయటికి వస్తే ఎంత నష్టమో ఆ సంఘటన చదివాక అర్థమైంది. అప్పటినుంచి సీలు పెట్టే రోజు నేను ఫోను పక్క గదిలో పెట్టి వస్తాను.

ఈ పొడి కన్నా ముందు ఇంకో డీలరు దగ్గర ఒక పొట్లం కొన్నాం. దాని గురించి ఎక్కువ రాయను. కవరు మీద "హై టెంపరేచర్ సీలింగ్ గ్లాస్" అన్న మాట తప్ప వేడికి ఎంత వ్యాకోచిస్తుందో ఎక్కడా లేదు. డీలరును అడిగితే అల్యూమినాకు సరిపోతుంది సార్ అన్నాడు. మూడు సీళ్ళు పెట్టాం, మూడూ పగిలాయి. రెండింటిలో గాజుకు ఏమీ కాలేదు, గొట్టం మూతే గుండ్రంగా తెగింది. ఆ పగులు చూడగానే ఇది బీకరు గాజు జాతి అని నాకు అనుమానం వచ్చింది. తర్వాత ల్యాబులో కొలిపిస్తే నిజమే అయింది.

లెక్క చెబుతాను. మీటరు పొడవున్న అల్యూమినా కడ్డీ ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 నుంచి 8 మైక్రాన్లు సాగుతుంది. బీటా అల్యూమినా కూడా దాదాపు అంతే. ల్యాబు బీకర్ల బోరోసిలికేట్ గాజు 3.3 మాత్రమే సాగుతుంది. కిటికీ అద్దం 9 వరకు వెళ్తుంది. బీకరు గాజును అల్యూమినాకు అతికించి, గాజు గట్టిపడిన వేడి నుంచి 500 డిగ్రీలు చల్లార్చితే మీటరుకు 2 మిల్లీమీటర్ల తేడా వస్తుంది. మన సీలు వేలి మందమే కావచ్చు, నిష్పత్తి మాత్రం అదే. అంత తేడాను గాజూ తట్టుకోలేదు, సెరామిక్కూ తట్టుకోలేదు. పోనీ గాజు ఎక్కువ సాగేదైతే? చల్లారేటప్పుడు గాజే ఎక్కువ ముడుచుకోబోతుంది, సెరామిక్ దాన్ని వదలదు, గాజు లాగుడుకు లోనవుతుంది. గాజు నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది, లాగుడును ఓర్చుకోదు. అందుకే సెరామిక్ కన్నా కొంచెం తక్కువ, చాలా కొంచెం తక్కువ సాగే గాజు కావాలి. చల్లారాక గాజు నాలుగువైపుల నుంచి కాస్త నొక్కబడి ఉండాలి.

ఇప్పుడు నేను సమీక్షిస్తున్న పొడి ఈ విషయంలో బాగుంది. దీనితో వచ్చిన కాగితంలో వ్యాకోచం 7కు కొంచెం తక్కువ అని ఉంది, ఏ వేడి నుంచి ఏ వేడి వరకు కొలిచారో కూడా రాశారు. ఈ రెండో మాట లేని కాగితాన్ని నమ్మకండి. గది వేడి నుంచి 300 వరకు కొలిచిన సంఖ్య వేరు, 500 వరకు కొలిచింది వేరు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చితే తప్పు లెక్క వస్తుంది. గాజు రకం బేరియం అల్యూమినో బోరోసిలికేట్ అని, సీలు వేయాల్సిన వేడి 950 నుంచి 1000 డిగ్రీలని, మెత్తబడే వేడి, ఎనీలింగ్ వేడి (లోపలి ఒత్తిడి పోవడానికి గాజును కాసేపు ఆపాల్సిన వేడి), సగటు రేణువు సైజు అన్నీ ఇచ్చారు. ధర మాత్రం మొదటి పొట్లానికి రెట్టింపు. మా సార్ కొంచెం వెనకాడారు. మూడు గొట్టాలు పోగొట్టుకున్నాం కదా సార్ అని నేను గుర్తు చేశాను. బీటా అల్యూమినా గొట్టం ఖరీదు ముందు గాజు పొడి ఖరీదు లెక్కలోకి రాదు.

బేరియం అనగానే నాకు మంగంపేట గుర్తుకొచ్చింది. మా జిల్లావాళ్ళకు తెలిసిన ముగ్గురాయి, బైరైటీస్, బేరియం సల్ఫేటే కదా. ప్రపంచంలోని పెద్ద నిక్షేపాల్లో ఒకటి అక్కడే ఉంది. ముగ్గు వేసుకునే రాయిలోని బేరియమే గాజులో చేరితే, సోడియం, పొటాషియం కలపకుండానే గాజు త్వరగా మెత్తబడుతుంది, వ్యాకోచమూ కావలసినంత పెరుగుతుంది. ఈ పొట్లంలోని బేరియం ఎక్కడి గనిదో నాకు తెలిసే దారి లేదు. అయినా ఆ మాట చెబితే మా పీహెచ్‌డీ అమ్మాయి చాలా సంతోషపడింది. వాళ్ళ అమ్మమ్మ ఊరు మంగంపేట దగ్గరి ఓబులవారిపల్లె.

పేస్టు చేసే విధానం చెప్పాలి, ఎందుకంటే మొదటి నెల మా ఇబ్బందులన్నీ ఇక్కడే వచ్చాయి. కంపెనీ కాగితంలో పీవీఏ జిగురు నీళ్ళతో కలపమని ఉంది. అలా కలిపి సందులో సూదితో నింపాం. కరిగాక చూస్తే గాజు నిండా బుడగలు. నాలుగు సీళ్ళలో నాలుగూ అంతే. పొడిదే తప్పని మొదట అనుకున్నాను, కానీ కాదు. పేస్టు ఆరేలోపే వేడి పెంచాం. పైన గాజు కరిగి మూసుకుంది, లోపల కాలని జిగురు పొగ చిక్కుకుపోయింది. తర్వాత నుంచి నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున పెంచి, 450 దగ్గర గంటన్నర ఆపాం. ఫర్నేసు తలుపు వేలెడు సందు తెరిచి ఉంచాం, జిగురు కాలడానికి గాలి కావాలి. ఆ తర్వాతే పైకి తీసుకెళ్ళాం. బుడగలు చాలావరకు పోయాయి. పూర్తిగా పోయాయని అనను, లోపలి మూలలో ఒకటి రెండు ఎప్పుడూ కనబడతాయి.

జిగురు గురించి ఇన్ని వివరాలు కంపెనీ కాగితంలో లేవు. ఫోను చేశాం. వాళ్ళ టెక్నికల్ మనిషి ఎత్తి, మా వేడి పెంచే పట్టికంతా విని, 450 దగ్గర ఆపమన్నది ఆయనే. "మీ ఫర్నేసు చూపించే అంకె నిజమేనా చెక్ చేసుకున్నారా?" అని కూడా అడిగాడు. ఈ ఒక్క ప్రశ్నకు నేను ఆయనకు రుణపడి ఉన్నాను.

చెక్ చేశాం. ఉప్పుతోనే చేశాం. స్వచ్ఛమైన సోడియం క్లోరైడ్ 801 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ల్యాబు ఉప్పు చిటికెడు చిన్న అల్యూమినా మూసలో వేసి, సీలు పెట్టే చోటే ఉంచి, ఐదైదు డిగ్రీలు పెంచుతూ ప్రతిసారీ తీసి చూశాం. డిస్‌ప్లే మీద 800 వచ్చింది, ఉప్పు పలుకులు పలుకులుగానే ఉన్నాయి. 810, ఇంకా అంతే. 825 చూపించినప్పుడు పలుకుల అంచులు కరిగి నీళ్ళలా మెరిశాయి. అంటే మా ఫర్నేసు లోపలి వేడి డిస్‌ప్లే అంకె కన్నా ఇరవై డిగ్రీలకు పైనే తక్కువ. 960 పెట్టామనుకున్న రోజుల్లో నిజానికి సీలు 940కి కూడా చేరలేదు. గాజు సరిగా పారక, కాలర్ మూలల్లో గట్టిగా అంటకపోవడానికి ఇదే కారణం. డిస్‌ప్లే మీద 1000 పెట్టడం మొదలుపెట్టాక గాజు అంచు అల్యూమినాను తడిపి, పల్చగా వాలుగా నిలిచింది. మంచి సీలు అంచు ఎప్పుడూ అలాగే ఉండాలి. గుండ్రంగా, చెమట బొట్టులా ఉబ్బి నిలిచిందంటే గాజు అంటలేదని అర్థం.

బీటా అల్యూమినా గాలిలోని తేమను పీల్చుకుంటుంది, కాబట్టి గొట్టాన్ని పని ముందు వేడి చేసి ఆరబెట్టుకోవాలి. బోరాన్ ఎక్కువ ఉండే గాజు పొడికీ తేమ పడదు. ఇక్కడే ఈ ప్యాకింగ్ మీద నా మొదటి ఫిర్యాదు. పావు కేజీ పొడిని ఒకే ప్లాస్టిక్ సంచిలో, మామూలు జిప్‌తో పంపారు. లోపల సిలికా జెల్ పొట్లం కూడా లేదు. ఎండాకాలంలో ఇబ్బంది తెలియలేదు. సెప్టెంబరు వానలకు సంచి అంచుల్లో పొడి గడ్డ కట్టింది. ఆ గడ్డలు నలిపి వాడితే బుడగలు మళ్ళీ వచ్చాయి. 150 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, సన్నని జల్లెడ పట్టాక సర్దుకుంది. ఇంత ఖరీదైన వస్తువుకు ఒక గాజు సీసా ఇవ్వడం కష్టం కాదు.

ఇక చల్లార్చడం. పొడి అసలు గుణం బయటపడేది ఇక్కడే. కాగితంలో చెప్పినట్టు ఎనీలింగ్ వేడి దగ్గర గంట ఆపి, నిమిషానికి రెండు డిగ్రీల కన్నా నెమ్మదిగా దించాం. మొత్తం పూర్తి కావడానికి ఒక రాత్రి పడుతుంది. మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి, ఫర్నేసు 700 దాటి దిగుతుండగా కరెంటు పోయింది. మూడు గంటలు రాలేదు. ఫర్నేసు తనంతట తాను చల్లారింది. మర్నాడు తలుపు తీస్తే నాలుగు సీళ్ళలో మూడు పగిలి ఉన్నాయి. ఆ మూడింటినీ నేను పొడి ఖాతాలో వేయడం లేదు. నాలుగోది నిలిచిందంటే ఈ గాజుకు కొంత ఓర్పు ఉందనే అనుకుంటున్నాను. ఆ రోజు మా అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండు నెలల పని పోయిందన్నా అంది. నాలుగోదాన్ని ముందు టెస్టు చేద్దాం రామ్మా అని కూర్చోబెట్టాను. అది లీకు లేకుండా నిలబడింది. తర్వాత మూడు నెలలు మా కొలతలన్నీ ఆ ఒక్క సీలు మీదే నడిచాయి.

లీకు చూడటానికి మా దగ్గర హీలియం మెషిన్ లేదు. గొట్టం రెండో కొస మూసే ఉంటుంది కాబట్టి, కాలర్‌ను రబ్బరు వాషర్ మీద కూర్చోబెట్టి లోపలి గాలిని పంపుతో లాగి, వాల్వు కట్టి, గేజి ముల్లు కదులుతుందేమో గంట సేపు చూస్తాం. తర్వాత ఎర్ర డై కలిపిన స్పిరిట్‌ను సీలు అంచున బొట్టుగా పెట్టి, కాసేపాగి తుడిచి, భూతద్దంతో చూస్తాం. వెంట్రుక లాంటి పగులుంటే ఎర్ర గీత కనబడుతుంది. చాలా సూక్ష్మమైన లీకులను ఈ పద్ధతి పట్టలేదని నాకు తెలుసు. అందుకే చివరికి ఎంచుకున్న రెండు సీళ్ళను వేరే ఊళ్ళోని పెద్ద ల్యాబుకు హీలియం పరీక్షకు పంపాం. రెండూ పాసయ్యాయి.

ఇంకో చిన్న ఉపాయం. పొడిని ఒక్కదాన్నే కరిగించి, నాణెమంత బిళ్ళ చేసి, సీళ్ళతో పాటే చల్లార్చండి. ఆ బిళ్ళను కంప్యూటర్ తెర మీద తెల్ల పేజీ తెరిచి దాని ముందు పట్టుకుని, పోలరాయిడ్ కళ్ళద్దాల్లోంచి చూడండి. అద్దాలను తిప్పుతూ పోతే ఒకచోట తెర నల్లబడుతుంది. ఆ నలుపులో బిళ్ళ కూడా నల్లగా ఉంటే గాజు బాగా చల్లారిందని అర్థం. తెల్లటి మరకలు మెరిస్తే లోపల ఒత్తిడి మిగిలి ఉంది. అల్యూమినా మధ్యలో ఉన్న గాజును ఇలా చూడలేం, కానీ మీ చల్లార్చే పట్టిక సరైనదో కాదో బిళ్ళ చెబుతుంది. బిళ్ళలో బుడగలు ఎక్కువుంటే వెలుగు చెదిరిపోయి ఏమీ తెలియదు, కాబట్టి పొడిని ముందు బాగా ఆరబెట్టుకోవాలి.

మొత్తం లెక్క ఇది. ఉప్పుతో వేడి సరిచూసుకున్నాక, కరెంటు పోయిన రోజు తీసేస్తే, పదహారు సీళ్ళు పెట్టాం. పద్నాలుగు నిలిచాయి. వాటిలో ఆరింటిని 350 డిగ్రీలకు వేడి చేసి గదివేడికి దించడం ఇరవైసార్లు చేశాం. ఐదు నిలిచాయి. మా స్థాయి ల్యాబుకు ఇది చాలా మంచి ఫలితం.

అయితే ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదవండి. కొనేవాళ్ళలో ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు.

మామూలుగా గాజులో ఎక్కువ భాగం సిలికా. వేడి సోడియానికి సిలికా అంటే ఆకలి. అందులోని ఆక్సిజన్‌ను లాక్కుని సిలికాన్‌ను విడిచిపెడుతుంది. గాజు మొదట గోధుమ రంగుకు, తర్వాత నలుపుకు తిరిగి, పైపొర పెళుసై రాలుతుంది. మా అమ్మాయి రెండు పొడుల బిళ్ళలనూ తీసుకెళ్ళి, ఆర్గాన్ నింపిన గ్లవ్ బాక్సు (గాలి తగలకుండా పనిచేసే పెట్టె) ఉన్న ల్యాబులో, మూసిన డబ్బాలో కరిగిన సోడియంతో 350 డిగ్రీల దగ్గర వారం ఉంచి తెచ్చింది. మొదటి డీలరు పొడి బిళ్ళ బొగ్గులా నల్లబడింది. ఈ బేరియం పొడి బిళ్ళ తేనె రంగుకు మారింది, అంచుల్లో మాత్రం ముదురుగా ఉంది. గోటితో గీకితే ఏమీ రాలలేదు. ఒక వారానికి ఇంత మార్పు. ఏళ్ళ తరబడి నడవాల్సిన బేటరీకి ఇది చాలదని నా అభిప్రాయం. కంపెనీ కాగితంలో "సోడియం బేటరీలకు అనువైనది" అని రాశారు. నెలల పరిశోధనకు అనువైనదే. పదేళ్ళ సెల్లుకు అనువైనదని ఆ మాటను అర్థం చేసుకోకండి. సోడియం తగిలే పరీక్ష చేశారా, ఎన్ని గంటలు చేశారని నేను ఫోనులో అడిగితే, తమ దగ్గర ఆ కొలత లేదని ఒప్పుకున్నారు. ఒప్పుకున్నందుకు మెచ్చుకుంటున్నాను, కానీ అప్పుడు కాగితం మీది ఆ వాక్యం మార్చాలి.

సోడియాన్ని ఏళ్ళ తరబడి ఓర్చుకునే సీలు ఈ లోకంలో లేదా అంటే, ఉంది. మొన్నమొన్నటి దాకా మన వీధిలో వెలిగింది. పసుపుపచ్చటి సోడియం వేపర్ దీపం గుర్తుందా? దాని లోపల వేలంత సన్నటి, పాలరంగు గొట్టం ఉంటుంది. అది గాజు కాదు, వెలుతురు దూరే అల్యూమినా. సోడియం ఆవిరి క్వార్ట్జ్‌ను (అది అచ్చమైన సిలికానే) తినేస్తుంది కాబట్టే అల్యూమినాకు వెళ్ళారు. ఆ గొట్టం కొసల్లో నియోబియం లోహం, దాన్ని అల్యూమినాకు అతికించే గాజులో సిలికా దాదాపు ఉండదు, ముఖ్యంగా కాల్షియం, అల్యూమినియం ఆక్సైడ్లే ఉంటాయి. నియోబియం వ్యాకోచం కూడా అల్యూమినాకు దగ్గర. నియాన్ పని చేసేటప్పుడు మాడిపోయిన వీధి దీపాలు చాలా విప్పి చూశాను. ఇంట్లో అట్టపెట్టెలో రెండు గొట్టాలు మిగిలి ఉంటే తెచ్చి చూపించాను. మా అమ్మాయి వాటిని భూతద్దం కింద పెట్టి చాలాసేపు చూసింది. "అన్నా, ఈ సీలు ఎన్నేళ్ళు వెలిగిందో" అంది. అది మన ల్యాబులో ఎందుకు పెట్టకూడదని కూడా అడిగింది. ఆ గాజు కరగాలంటే 1400 డిగ్రీల ప్రాంతం కావాలి, మా ఫర్నేసు 1200తో ఆగిపోతుంది. పైగా అంత వేడికి బీటా అల్యూమినాలోని సోడియం ఆవిరై పోతుందన్న భయం ఉంది. అందుకే బేటరీవాళ్ళు మధ్యదారి వెతుకుతారు. సిలికా తగ్గించి, అల్యూమినా, బోరాన్, కాల్షియం, బేరియం పెంచి, వెయ్యి డిగ్రీల దగ్గరే పారే గాజు కోసం చూస్తారు. మీరు పొడి కొనేటప్పుడు సిలికా ఎంత శాతమని తప్పకుండా అడగండి. సూత్రం రహస్యం అంటే, కనీసం సగానికి ఎక్కువా తక్కువా చెప్పమనండి.

ఇంకో తప్పు వాడకం గురించి హెచ్చరిక. కాలర్ పైన లోహపు రింగును కూడా ఇదే గాజుతో అతికిస్తే పని తగ్గుతుందని ఒకసారి స్టీలు రింగు మీద ప్రయత్నించాం. అంటుకుంది, బాగానే కనిపించింది. చల్లారాక గాలి తగిలే అంచు చుట్టూ పసుపుపచ్చ గీత. గాజులోని బేరియం, స్టీలులోని క్రోమియం గాలిలో కలిసి బేరియం క్రోమేట్ తయారైంది. దాని వ్యాకోచం వేరు కాబట్టి అక్కడి నుంచే పొర లేచింది. రెండోసారి వేడి చేయగానే రింగు ఊడి చేతికి వచ్చింది. క్రోమియం ఉన్న స్టీలుకు బేరియం గాజు వద్దు. అసలు సెల్లుల్లో ఆ చోట గాజు వాడరు, నికెల్ రింగును వేడిలో గట్టిగా నొక్కి అతికిస్తారు. ఈ సంగతి కంపెనీ కాగితంలో ఒక్క వాక్యం రాసి ఉంటే మా రెండు కాలర్లు మిగిలేవి.

ఇదే కంపెనీ పొడిని ముందే రింగులుగా నొక్కి, జిగురు కాల్చి కూడా అమ్ముతుంది. నమూనాగా ఐదు పంపారు. పేస్టు గొడవ లేదు, బుడగలు చాలా తక్కువ, ఐదూ నిలిచాయి. కానీ వాళ్ళ సైజుల్లో మా కాలర్‌కు సరిపోయేది ఒక్కటే. వేరే సైజు కావాలంటే వందల్లో ఆర్డరు పెట్టాలి. ఒకే సైజు సెల్లు పదేపదే చేసేవాళ్ళు పొడి జోలికి పోకుండా రింగులే కొనుక్కోవచ్చు.

ఎవరు కొనాలంటే, అల్యూమినాకు అల్యూమినా, అల్యూమినాకు బీటా అల్యూమినా అతికించే కాలేజీ ల్యాబులకు ఈ పొడిని ధైర్యంగా చెబుతాను. మీ ఫర్నేసు 1000 డిగ్రీలను నిజంగా చేరాలి, రాత్రంతా నెమ్మదిగా దించే కంట్రోలరు ఉండాలి, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు ఉండాలి. మా కాలేజీ ఇప్పుడు ఫర్నేసును జనరేటర్ లైనుకు కలిపింది. ఈ మూడూ లేకపోతే ముందు ఆ డబ్బు వాటి మీద పెట్టండి. ఏళ్ళ తరబడి నడిపే సెల్లు చేయాలనుకునేవాళ్ళు సోడియం పరీక్ష చేసిన గాజే వెతుక్కోవాలి.

పొట్లంలో ఇంకా నాలుగు చెంచాల పొడి మిగిలి ఉంది. పోయిన వారమే మళ్ళీ ఆర్డరు పెట్టాం. ఈసారి పావు కేజీ ఒకే సంచిలో కాకుండా, యాభై గ్రాముల చొప్పున గాజు సీసాల్లో, సిలికా జెల్‌తో పంపమని అడిగాను. సీసాల ఖర్చు మీరే పెట్టుకోవాలన్నారు. సరేనన్నాం.